అట్టముక్కలతో అన్యగ్రహ నగరం

అంగుళం ఎత్తున్న సైనికుల బొమ్మలను బల్లమీద నిలిపి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి గెలుపోటములు తేల్చుకునే ఆటలను మినియేచర్ వార్‌గేమ్‌లు అంటారు. ఈ ఆటల్లో గళ్లు గీసిన పలక ఉండదు కనుక ఏ బొమ్మ ఎటు కదలగలదో, ఎవరికి ఎవరు కనిపిస్తారో, ఎవరు దేని చాటున దాగుతారో నిర్ణయించే బాధ్యత బల్లమీద పేర్చిన గోడలు, గుట్టలు, వంతెనలు, గొట్టాల మీద పడుతుంది; వీటన్నిటికీ కలిపి వాడుకలో ఉన్న పేరు టెర్రెయిన్. వైజ్ఞానిక కల్పన ఇతివృత్తంగా గల ఆటల్లో ఈ టెర్రెయిన్ కూలిన కర్మాగారంగానో, అన్యగ్రహంపై గనిగానో, అంతరిక్ష నౌకలు దిగే రేవుగానో రూపుదిద్దుకుంటుంది. అలాంటి చోట్లు లోకంలో లేవు కాబట్టి తయారుచేసేవారికి చూసి నకలు తీసుకునే అవకాశం లేదు. లేనిదాన్ని ఉన్నట్టు నమ్మించాలంటే ఉన్నవాటి ధర్మాలు క్షుణ్ణంగా తెలియాలి: ఇనుము ముందుగా ఎక్కడ తుప్పు పడుతుందో, గోడ ఎక్కడ విరుగుతుందో, కన్ను ఒక వస్తువు పెద్దదని ఏ గుర్తులను బట్టి అంచనా వేస్తుందో గ్రహించినవారి చేతిలోనే ప్యాకింగ్ అట్ట నగరమవుతుంది. చేతితో టెర్రెయిన్ తయారుచేయడం పైకి కాలక్షేపంగా కనిపించినా, పదార్థ విజ్ఞానం, యాంత్రిక శాస్త్రం, దృష్టి శాస్త్రం ఒకే బల్లమీద కలిసి పనిచేసే అరుదైన హస్తకళ అది.

ప్రష్యా నుంచి నాటింగ్‌హామ్ దాకా

బల్లమీద నేలను నిర్మించే విద్యకు రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. ప్రష్యా రాజ్యానికి చెందిన గేయోర్గ్ లియోపోల్డ్ ఫాన్ రైస్విట్జ్ యుద్ధవ్యూహాల అభ్యాసానికి పనికివచ్చే ఒక ఆటబల్లను రూపొందించి 1812లో రాజు మూడో ఫ్రెడరిక్ విలియంకు సమర్పించాడు; ఎత్తుపల్లాలను, నదులను, రహదారులను, ఊళ్లను చూపే విడి పలకలను దానిమీద కోరిన తీరులో మార్చి పేర్చుకునే వీలుండడంతో ప్రతి ఆటకూ కొత్త రణరంగం ఏర్పడేది. ఆయన కుమారుడు 1824లో పలకలకు బదులు పటాలను ప్రవేశపెట్టిన తరువాత సైనిక శిక్షణ పటాల వైపు మళ్లింది గాని, ముక్కలుగా పేర్చుకునే నేల అనే ఆలోచన వినోదక్రీడల్లో మళ్లీ ప్రాణం పోసుకుంది. ‘ది టైమ్ మెషీన్’, ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ నవలలతో వైజ్ఞానిక కల్పనా సాహిత్యానికి పునాదులు వేసిన హెచ్.జి. వెల్స్, 1913లో ప్రచురించిన ‘లిటిల్ వార్స్’ అనే చిన్న పుస్తకంలో బొమ్మ సైనికులతో ఆడే యుద్ధానికి నియమాలు రాసి, చెక్క ఇటుకలతో, అట్ట ఇళ్లతో, చెట్లుగా నిలిపిన కొమ్మలతో గది నేలమీద దేశాలను నిర్మించే పద్ధతిని వివరించాడు. భవిష్యత్తును ఊహించిన రచయితే ఇంట్లో దొరికే వస్తువులతో యుద్ధరంగాన్ని కట్టే విద్యకూ ఆద్యుల్లో ఒకడు కావడం ఈ కళ చరిత్రలో గుర్తుంచుకోదగిన విషయం.

అంతరిక్ష ఇతివృత్తం ఈ ఆటల్లో స్థిరపడడానికి ప్రధాన కారణం ఇంగ్లండులోని గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ. 1975లో లండన్‌లో మొదలై తరువాత నాటింగ్‌హామ్‌కు తరలిన ఈ సంస్థ, రిక్ ప్రీస్ట్‌లీ రచించిన ‘వార్‌హ్యామర్ 40,000’ ఆటను 1987లో వెలువరించింది. 41వ సహస్రాబ్దిలో నడిచే ఈ ఆటకు తొలి రోజుల్లో తగిన ప్లాస్టిక్ భవనాలు అమ్మకానికి లేకపోవడంతో ఆటగాళ్లే వాటిని తయారుచేసుకోవలసి వచ్చింది. సంస్థ పత్రిక అయిన ‘వైట్ డ్వార్ఫ్’ కూడా ఖాళీ డియోడరెంట్ డబ్బాను గాలిలో తేలే ట్యాంకుగా మార్చే విధానాన్ని ప్రచురించి ఈ స్వయంకృషిని ప్రోత్సహించింది. 1995లో వచ్చిన ‘నెక్రోముండా’ ఆట అట్ట అంతస్తులను ప్లాస్టిక్ స్తంభాల మధ్య నిలిపి, పైకి పైకి పెరిగే పారిశ్రామిక నగరాన్ని పెట్టెలోనే అందించినా, దాన్ని చూసినవారిలో చాలామంది అక్కడితో ఆగక తమ సొంత నగరాలను కట్టుకోవడం మొదలుపెట్టారు. నేటి వైజ్ఞానిక కల్పనా టెర్రెయిన్‌లో కనిపించే తుప్పు పట్టిన గొట్టాలు, జాలీ నడవాలు, శిథిల కర్మాగారాలు చాలావరకు ఆ కాలపు వారసత్వమే.

57వ వంతు లోకం

ఈ ఆటల్లో ఎక్కువగా వాడే బొమ్మలను 28 మిల్లీమీటర్ల బొమ్మలు అంటారు. పాదం నుంచి కంటి వరకు ఉండే ఎత్తు సుమారుగా అంత అని దాని భావం. నిలుచున్న మనిషి కంటి ఎత్తును 1.6 మీటర్లుగా తీసుకుంటే ఈ బొమ్మ అసలు పరిమాణంలో 57వ వంతు ఉంటుంది. ఆ లెక్కన 3 మీటర్ల అంతస్తు 53 మిల్లీమీటర్లు, 2.1 మీటర్ల తలుపు 37 మిల్లీమీటర్లు, మీటరు ఎత్తున్న పిట్టగోడ 18 మిల్లీమీటర్లు కావాలి. అయితే బొమ్మ నిలబడడానికి కింద 25 నుంచి 32 మిల్లీమీటర్ల వ్యాసం గల గుండ్రని పీఠం ఉండడం వల్ల, ఈ లెక్కను యథాతథంగా పాటించి కట్టిన భవనం ఆటకు పనికిరాదు. మెట్టు లోతు లెక్క ప్రకారం 5 మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి అంత సన్నని మెట్టుమీద ఏ పీఠమూ నిలవదు. అందుకే అనుభవజ్ఞులు తలుపులను 40 నుంచి 45 మిల్లీమీటర్ల ఎత్తుకు పెంచి, అంతస్తుల మధ్య చెయ్యి దూరేలా 75 మిల్లీమీటర్ల వరకు ఖాళీ వదిలి, మెట్లకు బదులు నిచ్చెనలను, వెడల్పాటి వేదికలను అమరుస్తారు. పిట్టగోడ, నిచ్చెన గడుల మధ్య దూరం వంటి వాటిని మాత్రం సరైన కొలతలో ఉంచితే, పెంచిన కొలతలు కంటికి తట్టవు.

కొలత తగ్గినప్పుడు బలం ఎలా మారుతుందో 1638లో గెలీలియో తన చివరి గ్రంథంలో వివరించాడు. వస్తువు అన్ని వైపులా ఒకే నిష్పత్తిలో కుదించుకుపోతే దాని బరువు ఆ నిష్పత్తి ఘనంలో తగ్గుతుంది, బరువు మోసే అడ్డుకోత వైశాల్యం మాత్రం వర్గంలోనే తగ్గుతుంది. 57వ వంతు నమూనాలో బరువు దాదాపు 1,85,000 రెట్లు తగ్గగా, అడ్డుకోత సుమారు 3,250 రెట్లు మాత్రమే తగ్గుతుంది. అంటే సొంత బరువు వల్ల పదార్థంలో కలిగే ఒత్తిడి అసలు కట్టడంలో 57వ వంతుకు పడిపోతుంది. అసలు లోకంలో ఉక్కుతో కట్టవలసిన వంతెన బల్లమీద అట్టతో నిలబడడానికి కారణం ఇదే. అయితే ఆటగాడి చెయ్యి, మోచెయ్యి, జారిపడే పాచిక మాత్రం కుదించుకుపోవు. టెర్రెయిన్ ముక్క తన బరువుకు కాక మనిషి చేతికి తట్టుకునేలా తయారు కావాలి కాబట్టి, లోహపు వాషర్‌నో పలుచని చెక్కపలకనో అడుగున అతికి గరిమనాభిని కిందికి దించడం, బయటికి పొడుచుకువచ్చే భాగాలకు తీగతో ఎముక కట్టడం మంచి పనితనం అనిపించుకుంటాయి.

గోడ చేసే గణితం

వార్‌గేమ్‌లకు వాడే 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల బల్లను 57 రెట్లు పెంచి చూస్తే దాదాపు 104 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు గల మైదానం వస్తుంది. ఇది అంతర్జాతీయ ఫుట్‌బాల్ మైదానమంత స్థలం. అంత ఇరుకైన చోట, అదీ చదునైన నేలమీద, రెండు సాయుధ దళాలు ఎదురుపడితే ముందుగా కాల్చినవారిదే గెలుపు కావడం తప్ప ఆటలో ఆలోచనకు తావుండదు. ఆ మైదానాన్ని విరిచి, చూపును అడ్డగించి, దారులను మెలికలు తిప్పేది టెర్రెయిన్ మాత్రమే. ఒక బొమ్మ కంటి నుంచి మరో బొమ్మకు గీసిన సరళరేఖకు ఏదీ అడ్డు రాకపోతే ఆ బొమ్మ కనిపిస్తున్నట్టు లెక్క. దీన్నే దృష్టిరేఖ అంటారు. బల్లను సిద్ధం చేసేవారు వంగి, బొమ్మల కంటి ఎత్తున చూసి, ఒక అంచు నుంచి మరో అంచుకు నిరాటంకంగా సాగే దృష్టిరేఖలు ఎక్కడున్నాయో వెదకి, అక్కడొక గోడనో గొట్టపు గుత్తినో నిలుపుతారు.

పూర్తిగా దాచే గోడ ఒక రకమైతే, సగం దాచే గోడ మరో రకం. సగం దాచే గోడ పాచికల సంభావ్యతను మారుస్తుంది. ఆరు ముఖాల పాచికపై 4 గాని అంతకు మించి గాని పడితే గురి తగులుతుందనే నియమం ఉన్నచోట తగిలే అవకాశం ఆరింట మూడు. చాటు వల్ల ఒక అంకె కోత పడి 5 అవసరమైతే అది ఆరింట రెండుకు దిగుతుంది, అంటే తగిలే దెబ్బల్లో మూడోవంతు తగ్గుతుంది. 3 పడితే చాలనే నేర్పరికి అదే గోడ నాలుగోవంతు దెబ్బలనే తగ్గించగా, 5 పడవలసిన బలహీనుడికి సగానికి సగం తగ్గిస్తుంది. ఒకే ఎత్తు గోడ ఎదుటివారి నేర్పును బట్టి వేర్వేరు విలువ గల రక్షణ ఇస్తుందన్నమాట. అందువల్ల గోడ ఎత్తును 18 మిల్లీమీటర్లుగా ఉంచాలా, 35గా ఉంచాలా అన్నది అందానికి సంబంధించిన ప్రశ్నగా మొదలై ఆట సమతూకానికి సంబంధించిన ప్రశ్నగా తేలుతుంది.

గాలితో నిండిన రాయి

టెర్రెయిన్ తయారీలో అన్నిటికంటే ఎక్కువగా వాడే పదార్థం పాలీస్టైరీన్ నురుగు. మన ఇళ్లకు టీవీ, ఫ్రిజ్ పెట్టెలతో వచ్చే థర్మోకోల్ ఇందులో ఒక రకం: పెంటేన్ అనే ద్రవాన్ని ఇముడ్చుకున్న పాలీస్టైరీన్ గుళికలను ఆవిరితో వేడిచేస్తే ఆ ద్రవం వాయువుగా మారి గుళికలను ఉబ్బిస్తుంది, ఉబ్బిన గుళికలు అచ్చులో ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఘనరూపంలో ఘనమీటరుకు 1,050 కిలోలు ఉండే పాలీస్టైరీన్, థర్మోకోల్‌గా మారాక 15 నుంచి 30 కిలోలకు దిగుతుంది. అందులో దాదాపు 98 శాతం గాలే. రెండో రకాన్ని కరిగిన పాలీస్టైరీన్‌లో వాయువును కలిపి సన్నని ద్వారం గుండా పలకలా బయటికి నెట్టి తయారుచేస్తారు. అమెరికాలోని డౌ సంస్థ 1940ల్లో వాణిజ్యస్థాయికి తెచ్చిన ఈ పలకలో గుళికలు ఉండవు, సన్నని మూసుకున్న గదులే ఉంటాయి. ఈ తేడా తయారీదారుకు ఎంతో ముఖ్యం. థర్మోకోల్‌ను కత్తితో కోస్తే గుళికలు రాలి అంచు చిల్లులు పడుతుంది గనుక అది గుట్టలకు, కొండలకు, విరిగిన కాంక్రీటు దిమ్మెలకు సరిపోతుంది. నెట్టి తీసిన పలక నునుపుగా తెగి, పెన్సిలు మొనతో నొక్కిన గీతను కూడా నిలుపుకుంటుంది కాబట్టి ఇటుకల వరుసలకు, లోహపు పలకల అతుకులకు అదే అనువైనది.

నురుగును కోయడానికి వాడే వేడి తీగ పనిముట్టు విద్యుత్తుకు, పదార్థ స్వభావానికి మధ్య ఉన్న సంబంధాన్ని చక్కగా చూపిస్తుంది. సుమారు 80 పాళ్లు నికెల్, 20 పాళ్లు క్రోమియం గల నైక్రోమ్ తీగ విద్యుత్ ప్రవాహాన్ని గట్టిగా నిరోధిస్తుంది కనుక వేడెక్కుతుంది, ఎర్రగా కాలినా సులువుగా ఆక్సీకరణం చెందదు. పాలీస్టైరీన్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద గాజులాంటి గట్టిదనాన్ని కోల్పోయి మెత్తబడుతుంది. తీగ తగలకముందే దాని వేడికి నురుగు వెనక్కి ముడుచుకుని దారి ఇస్తుంది కాబట్టి నిదానంగా, ఒకే వేగంతో కదిపితే అంచు నునుపుగా వస్తుంది. తీగను అవసరానికి మించి వేడిచేస్తే పదార్థం కరగడంతో ఆగక విచ్ఛిన్నమై స్టైరీన్ ఆవిరిని వదులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన క్యాన్సర్ పరిశోధనా సంస్థ స్టైరీన్‌ను మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో చేర్చింది; కనుక ఈ పని గాలి ఆడే చోటనే, తగినంత తక్కువ వేడితోనే చేయాలి. సన్‌బోర్డ్ పేరుతో దుకాణాల్లో దొరికే పలక చూడడానికి నురుగులాగే ఉన్నా అది పీవీసీ. దాన్ని వేడి తీగతో గాని లేజరుతో గాని కోస్తే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన విషవాయువు వెలువడుతుంది గనుక దానికి కత్తి మాత్రమే వాడాలి.

కొత్తవారిని తరచుగా నిరాశపరిచే సమస్య, స్ప్రే డబ్బాతో రంగు చల్లగానే నురుగు కరిగి గుంటలు పడడం. ఆ రంగుల్లో ఉండే ఎసిటోన్, టాల్వీన్ వంటి ద్రావణుల అణువులు పాలీస్టైరీన్ గొలుసుల మధ్యకు సులువుగా చొరబడి వాటిని విడదీస్తాయి. గొలుసుల మధ్య పట్టు సడలగానే సన్నని గది గోడలు కూలిపోయి లోపలి గాలి బయటపడుతుంది. నీటిలో కలిసే యాక్రిలిక్ రంగుకు ఫెవికాల్ వంటి తెల్ల జిగురు కలిపి అడుగుపూతగా రెండుసార్లు పూస్తే, ఆరిన తరువాత ఏర్పడే పొర ద్రావణులను అడ్డుకోవడమే కాక మెత్తని నురుగుకు గట్టి చర్మంలా పనిచేస్తుంది. తెల్ల జిగురు నీరు ఆవిరైతేనే గట్టిపడుతుంది కాబట్టి, గాలి చొరని రెండు నురుగు పలకల మధ్య అది రోజుల తరబడి పచ్చిగానే ఉండిపోతుంది. పలకల గుండా పంటిపుల్లలు గుచ్చి ఉంచడం అందుకే అవసరమవుతుంది.

అట్ట విషయంలో కనిపించే మరో సమస్య వంకర. అట్టకు ఒకవైపే జిగురు గాని నీటిరంగు గాని పూస్తే ఆ వైపు పీచులు నీరు పీల్చి ఉబ్బుతాయి, ఆరేటప్పుడు జిగురు పొర కుంచించుకుని అట్టను తనవైపు లాగుతుంది, దానితో పలక పడవలా వంగుతుంది. రెండో వైపు కూడా అదే పూత వేస్తే లాగుళ్లు రెండూ సమానమై పలక చదునుగా నిలుస్తుంది. తడి కారణంగా కలప వంగే తీరును ఎరిగిన వడ్రంగులకు తెలిసిన సూత్రమే ఇది.

కంటిని నమ్మించే వివరాలు

ఒక వస్తువు ఎంత పెద్దదో కన్ను నేరుగా కొలవలేదు. దానిపై ఉన్న తెలిసిన వస్తువులను ఆధారంగా తీసుకుని మెదడు ఆ కొలతను ఊహిస్తుంది. సినిమా నమూనాల నిర్మాతలు ఈ సత్యాన్ని గొప్పగా వినియోగించుకున్నారు. 1968లో వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లోనూ, 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’లోనూ అంతరిక్ష నౌకల ఉపరితలాన్ని ట్యాంకులు, విమానాలు, ఓడల ప్లాస్టిక్ కిట్లలోంచి తీసిన వందలాది చిన్న భాగాలతో నింపారు. ‘స్టార్ వార్స్’ మొదటి దృశ్యంలో తెరనంతా ఆక్రమించే భారీ యుద్ధనౌక నమూనా పొడవు దాదాపు 3 అడుగులే. నునుపైన త్రిభుజాన్ని చూసినప్పుడు కంటికి పట్టుకొమ్మ దొరకదు. దానిమీద పెద్ద దిమ్మెలు, వాటిమీద చిన్న పెట్టెలు, వాటిమీద ఇంకా సన్నని గొట్టాలు వరుసగా కనిపించినప్పుడు, ఇంత సన్నని వివరం ఉన్నదంటే వస్తువు ఎంతో పెద్దదై ఉండాలని మెదడు నిర్ణయిస్తుంది. ఇలాంటి అలంకార భాగాలను నమూనాల తయారీలో గ్రీబుల్స్ అంటారు.

తెలుగు ప్రేక్షకులకు ఈ విద్య కొత్తది కాదు. 1957లో విడుదలైన ‘మాయాబజార్’ కోసం కళా దర్శకులు గోఖలే, కళాధర్ల ఆధ్వర్యంలో మద్రాసులో దాదాపు 300 చిన్న ఇళ్లతో ద్వారకను కట్టి, ఆ ఇళ్లలో విద్యుద్దీపాలు వెలిగించగా, మార్కస్ బార్ట్‌లీ కెమెరా దాన్ని నిజమైన మహానగరంగా చూపింది. వెలుగుతున్న కిటికీ ఎంత ఉంటుందో ప్రతి ప్రేక్షకుడికీ తెలుసు కనుక ఆ కిటికీయే నగరానికి కొలబద్ద అయింది. వైజ్ఞానిక కల్పనా టెర్రెయిన్‌లో ఆ పనిని తలుపు, నిచ్చెన, కటకటాల వరుస చేస్తాయి. పాడైన కీబోర్డు మీటలు, మందుబిళ్లల ఖాళీ పట్టీలు, సీసా మూతలు, పెన్ను గొట్టాలు, పాత కంప్యూటరు పలకలు గ్రీబుల్స్‌గా మారతాయి; అయితే వాటిని ఉపరితలమంతా ఒకే తీరున చల్లితే ఫలితం ఉండదు. అసలు యంత్రాల్లో గొట్టం ఎక్కడో మొదలై ఎక్కడికో చేరుతుంది, గాలి ద్వారం వేడి పుట్టే చోట ఉంటుంది, మరమ్మతు తలుపు మనిషి చెయ్యి అందే ఎత్తున ఉంటుంది; ఈ తర్కాన్ని పాటిస్తూ కొంత భాగాన్ని ఖాళీగా వదిలిన నమూనాయే నమ్మదగినదిగా కనిపిస్తుంది.

శిథిలాల నిర్మాణానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. రెండు గోడలు కలిసే మూలలో అవి ఒకదానికొకటి ఊతమిచ్చుకుంటాయి కాబట్టి భవనం కూలినప్పుడు మూలలు చివరిదాకా నిలుస్తాయి. కిటికీలు, ద్వారాలు ఉన్నచోట గోడ బలహీనంగా ఉండడం వల్ల పగుళ్లు వాటి మూలల నుంచే బయలుదేరతాయి. మూల ఆకారంలో కట్టిన శిథిలం బల్లమీద పడిపోకుండా నిలబడడానికి కారణం కూడా ఆ పరస్పర ఊతమే. కూలిన రాళ్లు గోడ అడుగున వాలుగా పోగుపడతాయి. పొడి ఇసుక 34 డిగ్రీల వాలును మించి నిలవదు, పెద్ద పెంకులు మరికొంత నిటారుగా నిలుస్తాయి. ఈ వాలు తప్పితే ఎందుకో చెప్పలేకపోయినా చూసేవారికి ఏదో లోపం తోస్తుంది. కాంక్రీటు విరిగిన చోట బయటపడే 12 మిల్లీమీటర్ల ఉక్కు కమ్మీని చూపాలంటే 0.2 మిల్లీమీటర్ల తీగ చాలు. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు ఈ లోకంలో దాదాపు 6 సెంటీమీటర్ల రాయి.

రంగు, నీడ, తుప్పు

ఆరుబయట సూర్యుడు అర డిగ్రీ వెడల్పున్న చిన్న బింబంగా కనిపిస్తాడు కాబట్టి అతని నీడలు పదునుగా ఉంటాయి. గదిలోని ట్యూబులైటు వెలుగు నలుదిక్కుల నుంచి చెదిరి వచ్చి సన్నని గాళ్లలో నీడ పడనివ్వదు. అందువల్ల చిన్న నమూనాపై వెలుగునీడలను రంగుతోనే సృష్టించాలి. పైగా మనిషి కన్ను 60 సెంటీమీటర్ల దూరం నుంచి సుమారు 0.17 మిల్లీమీటర్ల కంటే సన్నని వివరాన్ని విడిగా గుర్తించలేదు కనుక, అంతకంటే చిన్నవి చెక్కి శ్రమపడడం కంటే ఉన్న అంచులను స్పష్టం చేయడం మేలు.

నీడల కోసం వాడే పద్ధతిని వాష్ అంటారు. బాగా పలుచన చేసిన ముదురు రంగును ఉపరితలమంతా పూస్తే కేశనాళికా ప్రభావం వల్ల అది గాళ్లలోకి జారి అక్కడ నిలుస్తుంది. నీటి తలతన్యత ఎక్కువగా ఉంటే రంగు బొట్లుగా ముడుచుకుంటుంది కాబట్టి ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపితే సమంగా వ్యాపిస్తుంది. చదునైన చోట మిగిలిపోయిన వాష్ ఆరాక అంచుల్లో ముదురు వలయం ఏర్పడడానికి గల కారణాన్ని షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 1997లో ‘నేచర్’ పత్రికలో వివరించారు: బొట్టు అంచు అతుక్కుపోయి ఉండగా అక్కడ నీరు త్వరగా ఆవిరవుతుంది, ఆ లోటు తీర్చడానికి మధ్యలోని ద్రవం అంచుకు ప్రవహిస్తూ రంగు రేణువులను వెంట తీసుకుపోతుంది. కాఫీ మరక అంచుకు కారణమైన ఈ ప్రవాహాన్ని గ్రహించినవారు మిగులు రంగును ఆరకముందే పొడి కుంచెతో పీల్చివేస్తారు. వెలుగు కోసం దీనికి విరుద్ధమైన పద్ధతి ఉంది: కుంచెకు లేత రంగు అద్ది, దాదాపు అంతా గుడ్డకు తుడిచేసి, మిగిలిన పొడి రంగును ఉపరితలంపై రుద్దితే ఎత్తైన అంచులకు మాత్రమే అంటుతుంది. దీన్ని డ్రైబ్రష్ అంటారు.

తుప్పు వేయడంలోనే తయారీదారు పరిశీలన బయటపడుతుంది. తడి పెయింటు పదునైన అంచుల నుంచి తలతన్యత వల్ల వెనక్కి జరుగుతుంది కాబట్టి అంచుల మీద పూత ఎప్పుడూ పలుచగా ఉంటుంది, రాపిడి కూడా అక్కడే ఎక్కువ. నీరు, ఆక్సిజన్ ముందుగా అక్కడే ఇనుమును చేరతాయి. ఇనుము ఆర్ద్ర ఐరన్ ఆక్సైడ్‌గా మారినప్పుడు దాని ఘనపరిమాణం పెరిగి చుట్టూ ఉన్న పూతను పైకి లేపుతుంది, పెచ్చులు ఊడిన చోట తుప్పు మరింత వ్యాపిస్తుంది. అందుకే స్పాంజి ముక్కతో ముదురు గోధుమ రంగును అంచులకు, మూలలకు, బోల్టుల చుట్టూ మాత్రమే అద్ది, వాటి కింద నీరు జారే దారిలో నారింజ రంగు చారలను గీస్తే ఆ లోహం ఎన్నో వానలు చూసినట్టు కనిపిస్తుంది. అంగారకుడి ధూళి ఎర్రగా ఉండడానికి కారణం కూడా ఐరన్ ఆక్సైడులే గనుక, అక్కడి గనిగా ఊహించిన నమూనాలో భవనాల పాదాలకు, అడ్డపట్టీల పైభాగాలకు అదే వన్నె పొడి అద్దితే నేల, కట్టడం ఒకే లోకానికి చెందినవిగా కలిసిపోతాయి.

చేతి పనికి మిగిలిన స్థానం

ఇప్పుడు కరిగిన ప్లాస్టిక్‌ను 0.2 మిల్లీమీటర్ల పొరలుగా పేర్చే త్రీడీ ముద్రణ యంత్రాలు, చెక్కపలకలను నిమిషాల్లో కోసే లేజరు యంత్రాలు ఎక్కడికక్కడ అందుబాటులోకి వచ్చాయి. ఒకే కొలతలో పది కిటికీలు కావాలన్నా, గేరుచక్రాల వంటి ఖచ్చితమైన భాగాలు కావాలన్నా వాటికి సాటి లేదు. చాలామంది తయారీదారులు చిన్న భాగాలను ముద్రించుకుని పెద్ద నిర్మాణాన్ని చేతితో కడుతున్నారు కూడా. అయినా నురుగును విరిచి చూసి రాయి ఎలా పగులుతుందో తెలుసుకునే అవకాశం, చేతికి దొరికిన డబ్బా ఆకారాన్ని బట్టి భవనాన్ని మార్చుకునే స్వేచ్ఛ సిద్ధంగా ఉన్న ఫైలును ముద్రించడంలో లభించవు. నిర్ణయాలన్నీ మనిషే తీసుకోవలసి రావడం వల్లనే ఈ హస్తకళకు బోధనా విలువ కలుగుతున్నది.

దీనికి తోడు పర్యావరణ బాధ్యత కూడా ఉంది. థర్మోకోల్ నేలలో చివికి కలిసిపోయే పదార్థం కాదు. భారతదేశంలో 2022 జులై 1 నుంచి అలంకరణకు వాడే థర్మోకోల్‌ను ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో చేర్చి నిషేధించారు. కాబట్టి ఈ పని చేపట్టేవారు కొత్త పలకల కోసం వెదకడం కంటే గృహోపకరణాల పెట్టెల్లో ఎలాగూ ఇంటికి చేరే ప్యాకింగ్ ముక్కలను, అట్టలను, మూతలను వాడడం ఉత్తమం; కోతలో రాలే గుళికలను కాలువలో కలవనివ్వకుండా సంచిలో పోగుచేయడం కనీస కర్తవ్యం.

పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనల కోసం ఏటా ఎన్నో నమూనాలు తయారవుతున్నా, వాటిలో చాలావరకు నునుపుగా రంగు వేసిన పెట్టెలుగానే మిగిలిపోతున్నాయి. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు పిల్లల చేత ఒక్క శిథిలమైన గోడను కొలత ప్రకారం కట్టించి, అది ఎక్కడ విరగాలో, ఎక్కడ తుప్పు పట్టాలో, రాళ్లు ఎంత వాలులో పడాలో వారినే కారణాలతో సహా చెప్పమనాలి. తలుపు తెరిచిన గది, మొద్దు కత్తికి బదులు పదునైన కత్తి, దాన్ని పట్టే చేతికి దూరంగా రెండో చెయ్యి, పక్కన ఒక పెద్దవారు ఉంటే ఈ పనికి ఇంకేమీ అవసరం లేదు. ఆ ఒక్క గోడను సరిగా కట్టగలిగిన పిల్లవాడికి బలం, వాలు, కేశనాళికత, ఆక్సీకరణం అనే నాలుగు పాఠాలను పరీక్ష కోసం మళ్లీ బట్టీపట్టవలసిన పని ఉండదు.